తొమ్మిది మంది ప్రార్థన

"అభిషేకానికా, ఉత్సవానికా?" అన్నాడు చలపతి, ఆమె చేతిలో రసీదు పుస్తకం కనబడగానే.

"రెండిటికీ కాదండి," అంది కోకిల.

"మరి ఏ గుడి?"

"గుడి కాదు. ప్రార్థనా సమాజం. వెనక సందులో పెంకుల హాలు ఉంది చూడండి, అదే. మీ నాయనగారు నెలనెలా చందా ఇస్తా ఉండినారు."

"ఆడ ఏ సామి?"

"విగ్రహం పెట్టం."

"విగ్రహం లేదు, అభిషేకం లేదు, ఉత్సవం లేదు. మరి దుడ్డు దేనికండీ?"

అడిగిన తీరులో కోపం లేదు. కొంచెం వేళాకోళం ఉంది. కోకిలకు దీనికి జవాబు నోటికి వచ్చు. నాలుగేళ్లుగా ఈ వీధిలో కొట్టుకొట్టూ ఎక్కి చెబుతున్నదే. కానీ ఆ రోజు తెల్లవారకముందే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీ ఎక్కింది. మధ్యాహ్నం దిగి, తిండి మాట మరిచి, మోకాలి లోతు వాన నీళ్లలో నడిచి ఈ మిరపకాయల మండీకి వచ్చింది. చీర కుచ్చిళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"చెప్తా సార్. వాన కొంచం తగ్గేదాకా ఈడ కూచోనా?"

"కూచోండి. వానకు బాడుగ లేదు."

ధనియాల మూట మీద కూర్చుంది. గోడకు తల ఆనించింది. అంతే.

కళ్లు తెరిచేసరికి వాన వెలిసి ఉంది. పక్కన స్టూలు మీద మూత పెట్టిన కాఫీ. హమాలీలు ఇద్దరు మూటలు మోసుకుంటూ పిల్లుల్లా అడుగులు వేస్తున్నారు. గల్లా దగ్గర చలపతి నోటి మీద వేలు పెట్టుకుని వాళ్లను అదిలిస్తున్నాడు.

కోకిల గబుక్కున లేచింది. "సారీ సార్! ఎంతసేపు?"

"ముప్పావు గంట. చందా అడిగేదానికి వచ్చి నిద్రపోయినవాళ్లు మా కొట్టులో మీరే ఫస్టు. అదీ మిరపకాయల ఘాటులో!" నవ్వాడు. నవ్వితే అతని ఎడమ కన్ను చిన్నదవుతుంది. "కాఫీ తాగండి. చందా మాత్రం ఇప్పుడే ఇవ్వను. మా నాయన మంచోడు, అడిగితే ఇచ్చేవాడు. నేను సరుకు చూసి కొనేవాణ్ణి. ఆదివారం వస్తా."

"రండి," అంది కోకిల. లోపల మాత్రం, రాకుంటేనే మేలు అనుకుంది.

చూపించడానికి ఏముందని? డెబ్బై ఏళ్ల కిందట ఆమె తాత, ఆయన స్నేహితులు కలిసి పెట్టిన సమాజం అది. ఏ కులమైనా, ఏ మతమైనా లోపలికి రావచ్చు, ఆడవాళ్లయినా ముందు నిలబడి చదవచ్చు. అప్పట్లో రెండు వందల మంది వచ్చేవారట. ఇప్పుడు ఆదివారం తొమ్మిది మంది. తండ్రి ఇరవై ఏళ్లు కార్యదర్శిగా చేసి పోయాక ఆ పని కోకిల మీద పడింది. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. హాలు కప్పు కురుస్తుంది. ఎన్నూరు దగ్గర బెస్తవాళ్ల కుప్పంలో, అంటే వాళ్ల పల్లెలో, సమాజం నడిపే ఉచిత వైద్యశాల ఒకటి ఉంది. వారానికి రెండు రోజులు డాక్టరమ్మ వస్తుంది. చందాలు తగ్గేకొద్దీ మందులు తగ్గుతున్నాయి.

ఆదివారం చలపతి నిజంగానే వచ్చాడు. వర్షం కూడా వచ్చింది. హాలు నడుమ రెండు బకెట్లు పెట్టారు. ఎనభై ఏళ్ల కృష్ణస్వామి మేష్టారు ప్రార్థన చదువుతుంటే, బకెట్లలో చుక్కలు టప్ టప్‌మని తాళం వేశాయి. ముందు వరసలో పంకజం కూర్చుంది. ఎన్నూరు నుంచి తెల్లవారుజామున చేపలు తెచ్చి అమ్మి, ఖాళీ బుట్టను గుమ్మం పక్కన బోర్లించి వచ్చే మనిషి ఆమె. కుప్పంలో వైద్యశాల తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి.

ప్రార్థన ముగిసింది. కోకిల వెనక్కి తిరిగి చూస్తే, చివరి బెంచీ మీద చలపతి తల వాల్చి నిద్రపోతున్నాడు.

"సార్," అని మెల్లగా పిలిచింది. "మీ నిద్ర బాకీ తీరిపోయింది. మా దగ్గర కాఫీ మాత్రం లేదు."

అతను సిగ్గుపడి మొహం తుడుచుకున్నాడు. "మీ మేష్టారి గొంతు అట్లాంటిదండి. నేను మా నాయన పోయినాక ఇట్ల నిద్రపోలేదు." ఆ మాట సరదాగా మొదలై సరదాగా ముగియలేదు. చందా దుడ్డు సమాజం నడిపే ఆస్పత్రి మందులకని కోకిల అప్పుడు చెప్పింది.

"ఆ ఆస్పత్రి యాడ?" అన్నాడు తరవాత.

బుధవారం తన కొట్టు వ్యానులో మందుల డబ్బాలతో పాటు కోకిలనూ ఎక్కించుకున్నాడు. ఎన్నూరు రోడ్డు మీద లారీల వెనక లారీలు. మనలి మలుపు దాటాక అద్దాలు ఎక్కించినా ఆగని ఫ్యాక్టరీల వాసన. వైద్యశాల నడిచే రేకుల షెడ్డు ముందు అప్పటికే నలభై మంది ఉన్నారు. ఎక్కువ మంది ఒళ్లో పిల్లలతో వచ్చిన తల్లులే. పిల్లల రొమ్ములు పిల్లనగ్రోవుల్లా కూస్తున్నాయి.

పంకజం చలపతిని ఎగాదిగా చూసి, "అక్కా, కొత్త డాక్టరా?" అంది.

"కాదు. మిరపకాయలు అమ్ముతాడు."

"అయ్యయ్యో! దగ్గే పిల్లల కాడికి మిరపకాయలాయన్ను తెస్తారా ఎవరైనా!"

షెడ్డంతా నవ్వింది. చలపతి చొక్కా చేతులు మడిచి, చీటీలు రాసి ఇవ్వడానికి కూర్చున్నాడు. మధ్యాహ్నం ఊపిరాడని ఒక పసిదాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని, మూతికి మందు ఆవిరి గొట్టం పట్టుకోవలసి వచ్చింది. పది నిమిషాలకు ఆ పిల్ల కూత తగ్గి, అతని చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది. అతను కదలలేదు. కోకిల దూరం నుంచి చూసింది. ఆ చూపు అతనికి దొరికింది. ఇద్దరూ ఒకేసారి తలలు తిప్పుకున్నారు.

అప్పటి నుంచి ప్రతి బుధవారం వ్యాను వచ్చేది. దారి పొడవునా మాటలే.

"మీరు ఎప్పుడూ ఇట్లనే అలిసిపోయి ఉంటారా, లేక నన్ను చూస్తేనా?"

"మిమ్మల్ని చూస్తే జాస్తి."

ఇట్లా మూడు వారాలు గడిచాక ఒక సాయంకాలం చలపతి వెలిగిపోతున్న మొహంతో హాలుకు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం.

"మీ కష్టాలన్నీ తీరినాయి. మా జనార్దనం మామ తెలుసు కదా, మా వర్తకుల సంఘానికి ప్రెసిడెంటు. హాలు కప్పు కొత్తగా వేయిస్తాడంట. ఐదేళ్లు ఎన్నూరు ఖర్చంతా సంఘమే పెట్టుకుంటాది. ఒక్క సంతకం చాలు!"

కోకిల కాగితం అందుకుంది. నిలబడే చదివింది. స్టేజీ మీద దేవుడి పటం పెట్టాలి. ముహూర్తాల రోజుల్లో హాలు సంఘం వాళ్ల పెళ్లిళ్లకే ఇవ్వాలి. మూడోది చదివి అక్కడే ఆగిపోయింది.

"ఇది మీరు చదివినారా?"

"పటం, పెళ్లిళ్లు. అంతే కదా?"

"మూడోది. కుప్పం వాళ్లు హాల్లోకి రాకూడదంట. వాళ్లకు ఆస్పత్రి ఆడ ఉంది కదా, అది చాలంట."

చలపతి మొహంలో వెలుగు తగ్గింది. "మామ అట్లనే రాయిస్తాడు. తరవాత మరిచిపోతాడు."

"పంకజం మరిచిపోదు."

"కోకిలా, ప్రాక్టికల్‌గా ఆలోచించండి. మందులు లేకుంటే ఆ పిల్లలు..."

"పిల్లల పేరు చెప్పి నన్ను కొనకండి!" అని అరిచింది. "సరుకు చూసి కొంటానన్నారు. మీరు చూసిందేంది? ఆ రోజు ప్రార్థనంతా నిద్రపోయినారు కదా, మీకేం తెలుసు!"

అతను వెళ్లిపోయాడు. కోకిల బెంచీ మీద కూలబడింది. కోపం రెండు నిమిషాల్లో పోయింది. అలసట మిగిలింది. అసలు నిజం ఆమెకు తెలుసు. ఆ కాగితం చదువుతున్నప్పుడు, మూడో షరతు వచ్చేదాకా, సంతకం పెట్టేయాలనే అనిపించింది. ఇంకెవరి మెట్లూ ఎక్కనక్కర్లేదు, ఆదివారం బకెట్లు సర్దనక్కర్లేదు అనిపించింది. షరతు చదివాక కూడా, ఒక్క క్షణం, అనిపించింది.

ఆ ఆదివారం ప్రార్థన తరవాత ఆమె కాగితం అందరికీ చదివి వినిపించింది. ఒక్క మాట కూడా దాచలేదు. చలపతి ఎప్పుడు వచ్చాడో, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

మొదట మాట్లాడింది పంకజమే. "పెట్టేయక్కా సంతకం. నాకు ఈ హాలు కావాలా, నా మనవడికి ఊపిరి కావాలా? నేను రాను, పోతే పోనీ."

ఎవరూ ఆమె మొహం చూడలేకపోయారు. కృష్ణస్వామి మేష్టారు గొంతు సవరించుకున్నారు.

"ఈ హాలు కట్టకముందు మన వాళ్లు యాడ కూచుంటా ఉండినారో తెలుసునా? కోకిల తాత ఇంటి మిద్దె మీద. నేను చిన్నపిల్లోణ్ణి. ఎండకు కాళ్లు కాలేవి. అయినా మిద్దె నిండేది."

కోకిల ఆయన వైపు చూసింది. తరవాత బకెట్ల వైపు, కప్పు వైపు. నాలుగేళ్లుగా తాను మోస్తున్నది సమాజాన్ని అనుకుంది. మోస్తున్నది కట్టడాన్ని.

"మేష్టారూ, హాలు మొత్తం బాడుగకు ఇచ్చేద్దాం," అంది నెమ్మదిగా. "ఏ షరతూ లేకుండా. వచ్చే అడ్వాన్సుతో కప్పు బాగుచేద్దాం. నెల బాడుగ మందులకు. ఆదివారం మనమే ఎన్నూరు పోదాం. ఆ రేకుల షెడ్డులో కూచుందాం. పంకజం మన దగ్గరికి రావడం కాదు, మనం పంకజం దగ్గరికి పోదాం."

పంకజం చీర కొంగుతో ముక్కు చీదుకుంది. మేష్టారు అడిగారు, "నేను ఆ బస్సులు ఎక్కగలనా అమ్మా?"

"వ్యాను ఉంది సార్," అన్నాడు గుమ్మం దగ్గర నుంచి చలపతి. అందరూ తిరిగి చూశారు. అతను కోకిల దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "మామకు నేను చెప్తా. బాడుగకు మనిషిని కూడా నేనే చూస్తా. ఆ మాత్రం వ్యాపారం నాకు వచ్చు. ఈసారి ప్రతి షరతూ చదివినాకనే తెస్తా."

ఆ మాటతో ఆమెకు క్షమాపణ చెప్పేశాడు. కోకిల తల ఊపింది.

మామతో గొడవ పెద్దదే అయింది. ఆయన రెండు నెలలు చలపతి కొట్టు మెట్లు ఎక్కలేదు. కానీ పదిహేను రోజులకే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు హాలు అడిగారు. పది నెలల బాడుగ అడ్వాన్సు ఇచ్చారు. కప్పు మీద కొత్త పెంకులు వచ్చాయి. హాలు ఖాళీ చేసిన రోజు కోకిల ఒంటరిగా కాసేపు ఏడ్చింది. తాత కట్టించిన గోడలు మరి.

డిసెంబరు చివరి ఆదివారం ఎన్నూరులో మొదటి ప్రార్థన. వాన పడుతూనే ఉంది. చలపతితో కలిపి తొమ్మిది మంది వ్యానులో వెళ్లారు. షెడ్డులో యాభై మందికి పైగా కూర్చుని ఉన్నారు. చోటు చాలక కొందరు చూరు కింద నిలబడ్డారు. మేష్టారు పుస్తకం తెరిచి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

వ్యానులో పదో మనిషి కూడా ఒకరు వచ్చారు. చలపతి తల్లి అలివేలుమంగమ్మ. నుదుట పెద్ద బొట్టు, చేతిలో తులసి పూసల దండ.

ప్రార్థన అయ్యాక ఆమె కోకిలను దగ్గర కూర్చోబెట్టుకుంది. "మావాడు ఆదివారం ఇంటి పట్టున ఎందుకు ఉండడం లేదో చూసి పోదామని వచ్చినా. నాకు సామికి దీపం పెట్టందే పొద్దు పోదమ్మా. మా ఇంట్లో గోడ నిండా పటాలే. నీకేమైనా అడ్డమా?"

"నాకేం అడ్డం లేదు అత్తా," అంది కోకిల, ఆలోచించకుండా.

పక్కన పంకజం ఫక్కున నవ్వింది. "అక్కా! అత్తా అనేసినావే!"

కోకిల మొహం కందిపోయింది. ఆంటీ అందామనే నోరు తెరిచింది. ఎట్లా వచ్చిందో ఆ మాట!

"అమ్మా, ఊరుకో," అన్నాడు చలపతి కంగారుగా. "నేను ఇంకా అడగనే లేదు."

"అడగనే లేదా? ఇన్ని దినాలు ఏం చేసినావురా?"

"మందుల డబ్బాలు మోసినా."

"బాగుంది. పెళ్లి మా పురోహితుడితో ఒకసారి, మీ మేష్టారితో ఒకసారి. రెండు భోజనాలు పెడదాం. ముందు పోయి అడుగు," అని ఆవిడ కొడుకును భుజం పట్టి తోసింది.

ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. షెడ్డు పక్కన కాలువ మీద వాన తెరలు తెరలుగా పోతోంది. చలపతి రెండు సార్లు గొంతు సవరించుకున్నాడు.

"కోకిలా. మిమ్మల్ని చేసుకోవాలని ఉంది. మీకు?"

ఆమె చేతులు బారజాపి, గోడకు ఆనుకుంది. "నేను చాలా అలిసిపోయినా చలపతీ. ఇప్పుడు నాకు వద్దు అని చెప్పే ఓపిక కూడా లేదు."

అతని మొహం వాడిపోయింది. "అట్లయితే వద్దు. తొందరేం లేదు. రెస్టు తీసుకోండి. ఓపిక వచ్చినాకనే చెప్పండి."

కోకిల అతని వైపు తిరిగింది. చాలా రోజుల తరవాత కళ్లతో కూడా నవ్వింది.

"ఓపిక వచ్చినా వద్దని చెప్పను," అంది.