మూడు గంటల నీడ

పొద్దున్నే చొక్కా వేసుకోబోయిన మాస్టారు, భుజం దగ్గర కన్నం చూసి ఇల్లెగిరిపోయేలా అరిచారు.

"ఆ ఇస్త్రీ ఆవిడకి కళ్లు నెత్తికెక్కాయి! నిప్పురవ్వ పడితే చెప్పనైనా చెప్పలేదు."

"కరెంటు పెట్టె మాన్పించి, ఆవిడ చేత మళ్లీ బొగ్గుల పెట్టె పట్టించింది మీరేగా," అంది భార్య, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే.

ఆ వీధిలో పద్దెనిమిది ఇళ్లవాళ్లు కలిసి మేడల మీద సోలార్ పలకలు పెట్టించుకున్నారు. వచ్చిన కరెంటంతా వీధి చివర బ్యాటరీ గదికి చేరి, అక్కణ్ణుంచి అందరికీ అందుతుంది. మోటారు, ఇస్త్రీ లాంటి బరువు పనులకు వంతులు. ఆ వంతుల బోర్డు రాసేది సంఘానికి పెద్దయిన మాస్టారే. రిటైరైనా చేతిలో సుద్దముక్క వదల్లేదని ఆయన మీద వీధిలో వేళాకోళం.

నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి బ్యాటరీ నీరసపడుతోంది. మాస్టారు మీటింగులో అందరి ముందూ ఇస్త్రీ ఆవిడను నిలబెట్టి, "కరెంటంతా నీ పెట్టే మింగేస్తోంది," అని ఆవిడ వంతు కొట్టేశారు. ఆవిడ తలొంచుకుని వెళ్లిపోయింది. పది రోజులైనా బ్యాటరీ మాత్రం కోలుకోలేదు.

ఆ పలకల బాగోగులు చూసే ఎలక్ట్రీషియన్ మాస్టారి కూతురే. ఆ మధ్యాహ్నం మూడింటికి, "నాన్నా, ఒక్కసారి పైకి రా," అంది.

పేపరు చదువుకోవడానికి ఆయన కిందటి నెల మేడ మీద ముచ్చటపడి వేయించుకున్న రేకుల పందిరి నీడ, మొదటి పలక మీద వాలి ఉంది.

"ఒక్కదాని మీద నీడ పడితే వరసంతా డీలా పడుతుంది. వీధిలో పెద్ద వరస మనదే."

మాస్టారు చుట్టుపక్కల మేడల వైపు ఓసారి చూశారు. "రేపే తీయించేద్దాం. ఎవరికీ చెప్పకు."

"అందరి ముందూ ఆవిణ్ణి అన్నావు. చాటుగా దిద్దుకుంటావా? మీటింగు రోజే నాకు అనుమానం వచ్చింది. మా నాన్న కదా అని నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకుంటున్నాను."

మాస్టారు కన్నం పడ్డ ఆ చొక్కానే తగిలించుకుని కిందికి దిగి, నలుగురూ చూస్తుండగా వంతుల బోర్డు మీద రాశారు: "ఇస్త్రీ ఆవిడ తప్పేమీ లేదు. తప్పు నాది. మా పందిరి నీడ వల్లే కరెంటు తగ్గింది."

అక్కణ్ణుంచి నేరుగా వెళ్లేసరికి, ఇస్త్రీ ఆవిడ తన ఇంటి ముందు బొగ్గుల పొగలో దగ్గుతూ పనిచేసుకుంటోంది. ఆయన చెప్పిందంతా విని, పెట్టె పక్కన పెట్టింది.

"నా వల్ల కాదా మాస్టారూ? మీ అంతటివారు చెప్పారు కదా, నేనే ఎక్కడో ఎక్కువ వాడేస్తున్నాననుకున్నాను. మా పాప చదువుకునే లైటు కూడా ఆపేశానండీ."

నలభై ఏళ్లు పిల్లల్ని చదువుకోమని వెంటపడ్డ మనిషి, ఆవిడ గుమ్మం మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు.

"ఆ లైటు వెయ్యమ్మా," అన్నారు ఏడుస్తూ. "ముందు ఆ లైటు వెయ్యి."