ఆ ఇంట్లో అనకూడని మాట

పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తడం ఆవిడ పని. ఎక్కడ తెగి నెత్తిన పడుతుందోనని రోజూ ఓ పక్కకి ఒదిగి నిలబడి ఎత్తేది. పదిహేడేళ్ళుగా అది ఒక్కసారీ పడలేదు. పడలేదు కాబట్టి ఇక పడే రోజు దగ్గర పడిందని ఆవిడ నమ్మకం.

ఆ రోజూ అలాగే ఎత్తి, గుమ్మం ఊడుస్తూ రేడియో వార్తలు వింటోంది. కొడుకు బస్సు నడుపుతాడు. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళినవాడు ఫోన్ చేసేదాకా ఎక్కడ ఏ బస్సు బోల్తా పడిందన్నా ఆవిడ ప్రాణం అక్కడే ఉంటుంది. వెనక గదిలోంచి అరగదీసే మిషను రొద, గమ్ము వాసన వస్తున్నాయి. మొగుడు అప్పుడే పనిలో కూర్చున్నాడు. ఆయన్ని వీధంతా మేస్త్రి అంటారు. చెప్పుల మేస్త్రి. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి ఆ కాలి చెప్పుకి అడుగు మందం పెంచి, రెండు కాళ్ళూ నేలకి సమంగా ఆనేలా చేసి ఇవ్వడం ఆయన పనితనం.

పనితనం ఉంది గానీ పని లేదు. ఒకప్పుడు డాక్టర్లు చీటీ రాసి పంపేవారు. ఇప్పుడు ఆస్పత్రుల్లోనే కొట్లు వెలిశాయి. అరిగిన చెప్పుల రిపేర్లకి తప్ప మేస్త్రి కొట్టుకి మనిషి వచ్చి నెల దాటింది. ఇంకో నెల ఇలాగే గడిస్తే కొట్టు ఖాళీ చేసి, చెప్పుల ఫ్యాక్టరీలో కూలికి పోతానని ఆయన అన్నం తింటూ మామూలుగా అనేశాడు. అరవై ఏళ్ళవాడు ఫ్యాక్టరీ మిషన్ల మధ్య నిలబడితే చెయ్యి ఎందులో పడుతుందో అని ఆవిడ అప్పుడే లెక్కలు వేసుకుంది.

కొట్టుకో వెబ్‌సైట్ పెడదామని కోడలు అయిదు నెలల కిందట మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు కంప్యూటర్ సెంటర్లో పనిచేసిన పిల్ల. ఇంటి సంగతులు ఊరందరికీ కనబడతాయని అత్తగారు అప్పుడే అడ్డుపడింది. దొంగలు అడ్రసు చూసుకుని వస్తారంది. మేస్త్రి నవ్వి, మీ అత్తయ్య భయాలకి ఓ వెబ్‌సైట్ పెట్టమ్మా, మన కొట్టుకంటే అదే బాగా నడుస్తుంది అన్నాడు. పెట్టారు. ఎవరూ రాలేదు. ఈ మధ్య పది రోజులుగా మాత్రం కోడలూ కూతురూ కంప్యూటర్ ముందు తలలు ఆనించి కూర్చుని ఏవో మాటలు రాయడం, కొట్టేయడం. ఆవిడ వెళితే ఆపేసేవారు. ఏ పుట్టలో ఏ పాముందో అనుకుంటూ ఆవిడ వెనక్కి వచ్చేసేది.

ఆ ఇంట్లో అనకూడని మాట ఒకటుంది. కూతురికి రెండో ఏడు నిండాక తెలిసింది, ఎడమ కాలు కుడికాలికంటే రెండు వేళ్ళంత పొట్టి అని. ఆనాటి నుంచి ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఆవిడ ఊరుకోలేదు. పక్కింటావిడతో మాటలు మానేసింది. బడికి వెళ్ళి టీచర్ని నిలదీసింది. సొంత అన్నయ్య సరదాకి అన్నాడని ఆరేళ్ళు అతని గడప తొక్కలేదు. కూతురు గెంతుతూ నడుస్తుంటే మేస్త్రి ముద్దుగా పిచ్చుకా అని పిలిచాడు, ఆ పేరే నిలిచిపోయింది. ఎవరైనా అదేం పేరంటే, పిట్టంత తింటుంది కదా అందుకని, అని తల్లి చెప్పేది.

గుమ్మం దగ్గర ఎవరో నిలబడితే ఆవిడ చీపురు ఆపింది. ముప్పై ఏళ్ళ మనిషి, నలిగిన బట్టలు, చేతిలో ఫోను. ఆమె పక్కన ఏడేళ్ళ పాప, తల్లి చెయ్యి పట్టుకుని ఓ పక్కకి వాలి నిలబడింది.

"కుంటి కాలికి చెప్పులు చేసే కొట్టు ఇదేనాండీ?"

ఆవిడ చేతిలో చీపురు బిగుసుకుంది. ఎవరు చెప్పారని అడిగితే, వచ్చినామె ఫోను ముందుకి చాపింది. ఆవిడ అయిదో తరగతితో బడి మానేసిన మనిషి, కూడబలుక్కుని చదివింది. పైన కొట్టు పేరు. దాని కింద మేస్త్రి చేతుల ఫోటో, గోళ్ళలో నల్లరంగుతో సహా. దాని కింద లావు అక్షరాలతో: కుంటి కాలికి, ఒక కాలు పొట్టిగా ఉన్నవారికి కొలత తీసి చెప్పులు చేస్తాం.

ఇరవై ఏళ్ళుగా వీధిలో ఒక్కొక్కరి నోరూ మూయించుకుంటూ వచ్చిన మాట, ఇవాళ తన కొట్టు నుదుటి మీదే ఉంది.

"ఇక్కడ అలాంటివి చెయ్యరు. ఎవరో తప్పు రాశారు," అంది.

వచ్చినామె రెండు బస్సులు మారి వచ్చామంది. బోర్డు మీద పేరు ఇదే కదా అంది. లోపల మిషను చప్పుడు వినబడుతోంది కదా అని కూడా అంది. అది మామూలు చెప్పుల రిపేరని ఆవిడ తెగేసి చెప్పింది. పాప ఎడమ చెప్పులో మడతపెట్టిన గుడ్డ కుక్కి, ఊడిపోకుండా పైన తాడు కట్టి ఉండటం ఆవిడ చూసింది. చూసి కూడా మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ బస్టాపు వైపు తిరిగారు.

లోపలికి వెళ్ళేసరికి కోడలు టీ కప్పు పక్కన పెట్టుకుని కంప్యూటర్ ముందు ఉంది. కూతురు నేలమీద కూర్చుని తోలు ముక్కలకి దారం ఎక్కిస్తోంది.

ఆ మాట తియ్యి, అంది ఆవిడ. ఏ మాట అని కోడలు అడగలేదు. అలా అడగకపోవడంతోనే ఆవిడకి ఇంకా మండింది. నా పిల్లని వీధిలో నిలబెట్టి అమ్ముకుంటున్నారా అంది. రేపు దాన్ని చూడటానికి వచ్చినవాళ్ళు ముందు ఇదే చూస్తారు కదా అంది. కోడలు మెల్లగా ఒక కాగితం తీసి చూపించింది. మొదట రాసింది అసమాన పాదాలకు ప్రత్యేక పాదరక్షలు అని. వినడానికి గౌరవంగా ఉంది గానీ నెల మొత్తంలో దాన్ని వెతికినవాళ్ళు ఒక్కరూ లేరట. ఉత్త చెప్పులు అని పెడితే లక్ష కొట్లు మనకంటే ముందు నిలబడి ఉంటాయట. అవసరం పడినవాళ్ళు ఫోన్లో ఏ మాట కొడతారో అదే మన పేజీలో ఉండాలట, అది ఎంత విడమరిచి ఉంటే అంత మంచిదట. ఒక కాలు పొట్టి చెప్పు అనీ, పాప కాలు పొట్టిగా ఉంది అనీ కొడుతున్నారు. అన్నిటికంటే ఎక్కువమంది కొడుతున్నది మాత్రం ఆ మాటే.

"జనం బూతులు కొడితే బూతులు రాస్తావా?"

"బూతు కాదు కదా అత్తయ్యా. వాళ్ళకి తెలిసిన మాట అది."

"నీ కడుపున ఒక్కటి పుట్టి ఉంటే తెలిసేది, ఆ మాటకి ఎంత పదునుందో."

వెనక గదిలో మిషను ఆగింది. పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ పిల్ల కడుపు పండాలని మందులు మింగుతోందని అత్తగారికి తెలుసు. మాట జారాక నాలుక కరుచుకుని లాభం లేదు. కోడలు ఆ కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి, వేలెడంత చేసి పిడికిట్లో పెట్టుకుంది. మేస్త్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"వదినని ఎందుకంటావు? ఆ మాట పెట్టింది నేను," అంది పిచ్చుక.

తల్లి నమ్మలేదు. వదినని వెనకేసుకొస్తున్నావా అంది. పిచ్చుక సూది తోలుకి గుచ్చి పక్కన పెట్టింది.

"వదిన వద్దంది. మీ అమ్మ ప్రాణం తీసుకుంటుంది అంది. నేనే పెట్టించాను. ఏ మాట పెట్టాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదమ్మా. నాకు పద్నాలుగేళ్ళప్పుడు నేను కొట్టింది కూడా అదే."

పద్నాలుగేళ్ళప్పటి సంగతి తల్లికీ గుర్తుంది. మేస్త్రి మందపాటి అడుగుతో జోడు చేస్తే, అది అందరికీ కనబడుతుందని ఆవిడే వద్దంది. ఎత్తంతా చెప్పు లోపలే పెట్టించింది. లోపల ఒక వేలు మందానికి మించితే మడమ నిలవదని ఆయన చెప్పినా వినలేదు. నేలదాకా జీరాడే గౌన్లు కుట్టించింది. పిల్ల మడమ పైకి జారి ఒరుసుకుపోతే, కొత్త చెప్పు కదా అలవాటవుతుంది అంది. నడుము నొప్పి అంటే, పెరిగే వయసు అంది. పద్దెనిమిదో ఏట డాక్టరు చీవాట్లు పెట్టాక గానీ మందపాటి జోడు ఆ పిల్ల కాలికి ఎక్కలేదు.

"నాన్న ఫోను తీసుకుని స్నానాలగదిలో కూర్చుని కొట్టాను. కుంటి కాలు నొప్పి అమ్మకి తెలియకుండా ఏం చెయ్యాలి, అని. ఎవర్ని అడగను మరి? ఇంట్లో ఆ మాట అంటే నువ్వు ఏడుస్తావు, బయట అంటే పోట్లాడతావు. ఫోను ఒక్కటే ఏమీ అనలేదు."

"ఏమొచ్చింది?" అన్నాడు మేస్త్రి.

"ఏమొస్తుంది నాన్నా. జోకులొచ్చాయి. కుంటోడి జోకులు పదీ పన్నెండు. ఒక్క మంచి కొట్టు రాలేదు. మంచివాళ్ళందరూ మర్యాదగా వేరే మాటలు రాసుకున్నారుగా."

నేను నీ కోసమే కదే, అంది తల్లి. ఆ మాట ఆవిడకే చిన్నదిగా వినబడింది.

"తెలుసు. అందుకే నీకు చెప్పలేకపోయాను."

కోడలు తల ఎత్తకుండానే, ఇందాక బయట ఎవరో వచ్చినట్టున్నారు అత్తయ్యా అని అడిగింది. ఆవిడ అబద్ధం చెప్పబోయింది. పాప చెప్పుకి కట్టిన తాడు కళ్ళముందు మెదిలింది. ఒక పాప వచ్చింది, నేను పంపించేశాను, అంది. మేస్త్రి చేతిలోని అరగదీసిన అడుగును బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చుండిపోయాడు.

ఆవిడ బస్టాపుకి నడిచింది. దారిపొడుగునా వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారనే అనుకుంది. ఎప్పుడూ చెడు జరుగుతుందని భయపడే మనిషి, ఈసారి ఆ చెడు తన చేతుల మీదుగానే జరిగిందని తలుచుకుంటూ నడక వేగం పెంచింది.

వాళ్ళు బెంచీ మీద ఉన్నారు. పాప చెప్పు విప్పి గుడ్డ సర్దుకుంటోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

ఆ కొట్టు మాదే, అబద్ధం చెప్పాను, అంది ఆవిడ. వచ్చినామె వింతగా చూసింది. ఎందుకని అడిగింది. ఆవిడ దగ్గర సాకులు చాలా ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది ఇది:

"మా అమ్మాయి కుంటిది."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. రోడ్డు మీద ఎవరూ ఆగి చూడలేదు. బస్సులు పోతూనే ఉన్నాయి.

"వాళ్ళ నాన్నే దానికి చెప్పులు చేస్తాడు. బాగా చేస్తాడు. నేనే దాన్ని వేసుకోనివ్వలేదు చాలా ఏళ్ళు."

"పిల్ల ఏడ్చిందండీ," అంది ఆ తల్లి. "మన కాలు చూసే పొమ్మన్నారా అమ్మా అని అడిగింది. ఏం చెప్పమంటారు దానికి?"

పాప ముక్కు తుడుచుకుని, మీ అమ్మాయి పరిగెత్తుతుందా అని అడిగింది. పడుతుందని, నవ్వుతారని, ఆవిడ చిన్నప్పటి నుంచి పిచ్చుకని పరిగెత్తనివ్వలేదు. పరిగెత్తగలదో లేదో తల్లికే తెలియదు. దాన్నే అడుగుదువుగాని రా, అంది. పాప లేచింది. తల్లి ఇంకాసేపు కూర్చుని, రావాలో వద్దో ఆలోచించి, లేచింది.

కొట్టు గుమ్మంలో పిచ్చుక కొలత టేపు మెడలో వేసుకుని నిలబడి ఉంది. ప్యాంటు కాళ్ళు చీలమండల పైకి మడిచింది. ఎడమ కాలి మందపాటి జోడు రోడ్డు మీదకి కనబడుతోంది. పాప తిన్నగా పిచ్చుక దగ్గరికే వెళ్ళి, అదే ప్రశ్న అడిగింది.

"పరిగెత్తుతాను," అంది పిచ్చుక, గుమ్మంలో కూర్చుని పాప కాలు ఒళ్ళో పెట్టుకుని తాడు విప్పుతూ. "అమ్మ చూడనప్పుడు."

ఆవిడ ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళింది. కోడలు కంప్యూటర్ ముందే ఉంది. పిడికిట్లో ఆ కాగితం ఇంకా అలాగే ఉంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, చెప్పాల్సిన మాట కోసం వెతికింది. కోడలి పక్కన నేలమీద కూర్చుని, ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, కాగితం తీసుకుని మోకాలి మీద పెట్టి మడతలు సాపు చేయడం మొదలుపెట్టింది.