కోరీన్ నింపిన తూటాలు

"శత్రువుల గురి ఒసిప్ మీద," అన్నాడు చీఫ్ గ్యారెట్. "వాళ్ల దేశం నుంచి పారిపోయి మన దగ్గరకొచ్చిన రాకెట్ సైంటిస్టు. రేపు మిసూలా ఊరి షూటింగ్ క్లబ్బుకి పిస్టల్ పోటీ చూడ్డానికొస్తాడు. చంపేవాడు షూటర్ల వరుసలోనే ఉంటాడు. ఎవడో తెలీదు. ‘గాలి మళ్లింది’ అన్న కోడ్ వినగానే కాలుస్తాడు."

"నేనూ వరుసలో ఉంటాను."

"వాడికంటే ముందు నీ రివాల్వర్ పేలాలి."

ఏజెంట్ వెర్న్ టాల్‌బట్ తేలిగ్గా నవ్వాడు. అక్కడి షూటర్లందరిలాగే అతనూ కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, మళ్లీ తుపాకిమందూ బుల్లెట్టూ నింపుకుని వాడతాడు. ఇంకొకరు నింపిన తూటాని చచ్చినా తన తుపాకీలో పెట్టడు. ఆ ఊళ్లో ఎవరూ పెట్టరు. అతని విషయంలో ఒక్క కోరీన్‌కే మినహాయింపు.

కోరీన్ అతని భాగస్వామి. ఎర్రజుట్టు అందగత్తె, శత్రువుల ముఠాలో దూరి రహస్యాలు లాక్కొచ్చిన గడుసుపిండం. ఏళ్ల తరబడి అతని పక్కనే కూర్చుని తూటాలు నింపింది. గుప్పెడు తొడుగులు చేతిలో గలగలలాడిస్తే చాలు, చీలినదాని బొంగురు మోత చెవితోనే పట్టేస్తుంది. వెర్న్ ఈ లోకంలో పూర్తిగా నమ్మింది ఆమెనొక్కర్తినే.

"ఇవిగో మహానుభావా," అంటూ పోటీ మైదానంలో పెట్టె అందించింది. "నిన్నంతా కూర్చుని నింపాను. పరువు నిలబెట్టు."

"నువ్వు నింపాక నాకేం బెంగ?"

ఆమె వెళ్లి ప్రేక్షకుల్లో ఒసిప్ వెనక వరుసలో కూర్చుంది. వెర్న్ ఒక తూటా తీశాడు. బొటనవేలు తగిలి బుల్లెట్ తొడుగులోకి దిగిపోయింది. ఇంకోటి తీశాడు. మూతి దగ్గర వెంట్రుకంత చీలిక. గోటితో లాగితే బుల్లెట్ ఊడొచ్చింది. లోపల రెట్టింపు మందు! కాలి కాలి, సాగి, పట్టు వదిలేశాయని అతనే చెత్తడబ్బాలో పారేసిన తొడుగులవి. కాలిస్తే రివాల్వర్ చేతిలోనే బద్దలవుతుంది.

పొరపాటని సరిపెట్టుకుందామని చూశాడు. చీలికని చెవితో పట్టేసే మనిషికి ఇలాంటి పొరపాటా? పెట్టె మూసేశాడు.

పక్కన ముసలి యూనిస్ తుపాకీ తుడుచుకుంటోంది.

"కొట్లో కొన్న కంపెనీ తూటాలు కాసిని ఇస్తారా పెద్దమ్మా?"

"సొంతంగా నింపుకునే మొనగాడివి, నీకెందుకురా కంపెనీవి? సిగ్గులేదూ?"

"లేదు. తొందరగా ఇవ్వండి."

ఆవిడ తిడుతూనే గుప్పెడు పోసింది. వెర్న్ గబగబా నింపుకున్నాడు.

"అబ్బ, గాలి మళ్లింది!" కోరీన్ గొంతు.

వరుస చివర టోపీవాడు గిర్రున ఒసిప్ వైపు తిరిగాడు. వాడి వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంటుండగా వెర్న్ కాల్చాడు. వాడి చెయ్యి రక్తమయమైంది, తుపాకీ ఎగిరి గడ్డిలో పడింది. ఒసిప్ బల్లకింద వణుకుతున్నాడు, ప్రాణాలతో. కోరీన్ మాత్రం అటు చూడనేలేదు. వెర్న్ చేతిలో చెక్కుచెదరని రివాల్వర్‌కేసి చూస్తూ ఉండిపోయింది.

సంకెళ్లు వేస్తుంటే కోరీన్ అంది: "వెర్న్ కక్కుర్తిపడి పాత ఇత్తడి వాడి చచ్చాడనుకునేవాళ్లు. నన్నెవరూ అనుమానించేవాళ్లు కాదు. ఇన్నేళ్లలో నేనిచ్చినవి ఒక్కసారీ పరీక్షించలేదే! ఇవాళెందుకు చూశావ్?"

"ఇవాళా చూడలేదు," అన్నాడు వెర్న్. "వేలు తగిలింది, అంతే. ఆ రెట్టింపు మందే కొత్త తొడుగుల్లో నింపి ఇచ్చుంటే హాయిగా నిన్ను నమ్ముతూనే చచ్చిపోయేవాణ్ణి."