నవ్వే పిల్ల రీలు

ఉదయం ఎనిమిదీ నలభై.

ఎడిటింగ్ గదిలో బల్ల మీద తుప్పుపట్టిన రేకు డబ్బా తెరిచి ఉంది. మూత పక్కనే ఉంది. లోపల ఉండాల్సిన రీలు లేదు.

ఇన్‌స్పెక్టర్ వంగి డబ్బా వాసన చూసింది. ఘాటు నషాళానికంటింది.

"పాత ఫిల్మ్ పాడవడం మొదలైతే అలాగే పులుపు కంపు కొడుతుంది మేడమ్," అంది డాక్యుమెంటరీ తీస్తున్న అమ్మాయి. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. "నిన్న సాయంత్రమే చేతికొచ్చింది. కాపీ కూడా తీయలేదు."

"ఏముంది అందులో?"

"పెద్దాయన బండారం."

పెద్దాయన అంటే ఎవరో చెప్పక్కర్లేదు. పాత ప్రభుత్వం జనాన్ని ఇళ్ళలోంచి ఈడ్చుకెళ్ళి ముళ్ళకంచె వెనక పడేసిన రోజుల్లో, ఆ కంచె కంటబడకుండా కెమెరా తిప్పిన ఘనుడు. ఆయన సినిమాలో ఒక చిన్నపిల్ల పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు పోస్టర్లకెక్కింది, పాఠ్యపుస్తకాలకెక్కింది. శిబిరాల్లో అందరూ సుఖంగా ఉన్నారనడానికి అదే సాక్ష్యం అన్నారు. ప్రభుత్వం కూలింది గానీ పెద్దాయన పేరు చెక్కుచెదరలేదు. "నాకేం తెలుసు, నేను కళాకారుణ్ణి" అంటూనే బతికాడు. పోయినప్పుడు శవం కనపడనంతగా దండలు వేశారు.

"ఆ నవ్వు షాట్ అయ్యాక కెమెరా ఆపడం మరిచిపోయారు," అంది అమ్మాయి. "అది పక్కకి తిరిగింది. ఆ పిల్ల తల్లి మోకాళ్ళ మీద ఉంది. తల వెనక తుపాకీ. పిల్ల నవ్వకపోతే కాల్చమన్నట్టు వేలు చూపిస్తున్నది పెద్దాయనే. భూతద్దం పెట్టుకుని నా కళ్ళతో చూశాను."

"ఇప్పుడది లేకపోతే?"

"సాయంత్రం ఆరింటికి ప్రదర్శన. పెద్దాయన కొడుకు కోర్టుకెళ్ళాడు. అసలు ఫిల్మ్‌లోంచి ఆ దృశ్యం చూపిస్తే సరే, లేదంటే మా డాక్యుమెంటరీలోంచి ఆ ఆరోపణే తీసేయాలని ఆర్డర్."

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గర, ఎడిటర్ దగ్గర."

తాళం పగల్లేదు. కిటికీ గడియ మాత్రం తీసి ఉంది.

బయట బెంచీ మీద ఒక మామ్మ కూర్చుని ఉంది. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, నిటారైన వెన్ను. ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంది.

"మీరేనా ఆ పిల్ల?"

"నేనే. ఊళ్ళో నవ్వుల మామ్మ అంటారు. మొహం మీదే అంటారు. పళ్ళికిలించి నవ్వావుగా, నీకేం కష్టమొచ్చిందే అంటారు."

"ఇవాళ వాళ్ళ నోళ్ళు మూయించొచ్చని వచ్చారా?"

"వాళ్ళ నోళ్ళు నాకెందుకమ్మా? ఆ డబ్బాలో మా అమ్మ ఉంది." అంది మామ్మ. "ఆ కంచె లోపలే పోయింది. ఫొటో అంటూ ఒక్కటి లేదు. మొహం ఎలా ఉండేదో మరిచిపోయాను. కన్నతల్లి మొహం మరిచిపోయిన దాన్ని. నువ్వు దొంగని పట్టుకుంటావో వదిలేస్తావో నీ ఇష్టం. మా అమ్మని వెతికిపెట్టు."

ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో ఎన్నో ఫిర్యాదులు విన్నది. ఇలాంటిది వినలేదు.

అంతలో కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్! పెరట్లో చెత్త డ్రమ్ములో ఏదో కాల్చారు!"

డ్రమ్ము అడుగున నల్లటి ముద్ద. కరిగి, ముడుచుకుపోయిన ఫిల్మ్.

పెద్దాయన కొడుకు కూడా అప్పుడే కారు దిగాడు. ముద్దని చూసి పెదవి విరిచాడు. "చూశారా? అందులో ఏమీ లేదు కాబట్టి వీళ్ళే తగలబెట్టుకున్నారు. మా నాన్నగారి మీద బురద చల్లడానికి నాటకం!"

"రాత్రి ఎనిమిదింటికి వచ్చి గొడవ చేసింది మీరు!" అంది అమ్మాయి.

"చూపించమన్నాను. తప్పా?"

ఎడిటర్ మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి. అందరూ కత్తెర బాబాయ్ అంటారు.

"మీరు పెద్దాయన శిష్యులటగా?" అంది ఇన్‌స్పెక్టర్.

"నలభై ఏళ్ళు ఆయన దగ్గరే ఉన్నాను."

"ఆ సినిమాకి పనిచేశారా?"

"లేదమ్మా. తర్వాత చేరాను."

"రాత్రి?"

"ఎనిమిదిన్నరకి తాళం వేసి ఇంటికెళ్ళిపోయాను. ఇంకెందుకమ్మా ఇవన్నీ? కాలిపోయింది. చేసేదేముంది?"

కానిస్టేబుల్ కాఫీ తెచ్చాడు. కషాయంలా నల్లగా ఉంది. "పాలు విరిగాయి మేడమ్. ఎవరో రాత్రంతా బయట వదిలేశారు."

ఫోన్ మోగింది. పై ఆఫీసర్.

"కాలిపోయిందటగా? ఫైలు మూసెయ్. ఆ కొడుకు మనకి కావలసినవాడు."

"బూడిద చూసి మూస్తాను సార్."

"నీకు ఉద్యోగం చెయ్యాలని ఉందా లేదా?"

"ఉంది సార్. అదే చేస్తున్నాను."

"బదిలీ అయిపోతావ్!"

"అయితే అవుతాను. నా పెట్టె ఎప్పుడూ సర్దే ఉంటుంది సార్." ఫోన్ పెట్టేసింది. నల్లకాఫీ ఒక్క గుక్కలో తాగేసి, కప్పు వైపు ఓ క్షణం చూసింది.

పది గంటలకి అందర్నీ ఎడిటింగ్ గదిలో కూర్చోబెట్టింది. మామ్మని కూడా.

"ఒకటే ప్రశ్న. దొంగ ఈ డబ్బా ఎందుకు వదిలేశాడు?"

"కాల్చడానికి డబ్బా దేనికి?" అన్నాడు కొడుకు.

"మోయడానికి. తగలబెట్టాలనుకున్నవాడు డబ్బాతో సహా ఎత్తుకుపోతాడు. కానీ ఈ దొంగ ఇక్కడే మూత తీశాడు. తుప్పుతో బిగుసుకుపోయిన మూత. చూడండి, అంచు మీద ఒక్క గీత లేదు. పసిబిడ్డకి చొక్కా విప్పినట్టు విప్పాడు. తగలబెట్టేవాడికి అంత ఓపిక ఉంటుందా?" ఆమె అమ్మాయి వైపు తిరిగింది. "తుప్పుడబ్బాలో ఫిల్మ్ దొరికితే మీరు ముందు ఏం చేస్తారు?"

"శుభ్రమైన డబ్బాలోకి మారుస్తాం. తుప్పు రాలితే గీతలు పడతాయి."

"తర్వాత?"

"చల్లటి చోట..." అమ్మాయి ఆగిపోయింది.

"పాలు బయటికి ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైందా? ఫ్రిజ్‌లో చోటు కావలసి వచ్చింది. మావాళ్ళు బీరువాలు, సంచులు వెతికారు. ఫ్రిజ్ తెరిచి చూడాలని నాకూ తట్టలేదు."

కానిస్టేబుల్ పరుగెత్తాడు. కింది అరలోంచి కొత్త డబ్బా తెచ్చాడు. చుట్టూ టేపు, దాని మీద రెండు ప్లాస్టిక్ కవర్లు. మూత తీయగానే పులుపు కంపు గదంతా నిండింది. మామ్మ కళ్ళు మూసుకుంది.

"మరి డ్రమ్ములో కాలింది?" అన్నాడు కొడుకు. గొంతులో ధీమా లేదు.

"బొమ్మల్లేని ఖాళీ ఫిల్మ్. ఈ గదిలో చుట్టలు చుట్టలుగా పడి ఉంది. మేం వెతకడం మానేయాలని కాల్చారు. కిటికీ గడియ తీసింది మన కళ్ళు బయటికి తిప్పడానికి. తాళం పగల్లేదు, రెండో తాళంచెవి మీదే. మీరు దొంగతనం చేయగలిగారు బాబాయ్. ఫిల్మ్‌ని పాడుచేయడం మాత్రం మీ చేత కాలేదు."

ఎడిటర్ తలెత్తలేదు.

"ఎందుకు బాబాయ్?" అంది అమ్మాయి.

"అందులో నేనున్నానమ్మా. నువ్వు గుర్తుపట్టలేదు. క్లాప్ బోర్డు పట్టుకున్న కుర్రాడు. ఆ పిల్లని నవ్వించమన్నారు నన్ను. కోతిలా గెంతాను. వెనక తుపాకీ ఉందని తెలిసే గెంతాను." కళ్ళు తుడుచుకున్నాడు. "కాల్చలేకపోయాను. చూపించలేకపోయాను. నేను పోయాక బయటపడితే చాలనుకున్నాను."

లేచి మామ్మ ముందు చేతులు జోడించాడు. "క్షమించు తల్లీ. నా గెంతులే నీకు గుర్తుండిపోయి ఉంటాయి."

"నువ్వెవరో నాకు గుర్తే లేదు," అంది మామ్మ. "అప్పుడు నేను మా అమ్మనే చూస్తూ ఉన్నాను."

కొడుకు మెల్లిగా తలుపు వైపు జరిగాడు. "కోర్టులో చూసుకుందాం," అన్నాడు.

"చూసుకుందాం. రీలు తీసుకునే వస్తాం," అంది ఇన్‌స్పెక్టర్. బేడీలు బయటికి తీసింది.

"మేడమ్, ఒక్కమాట." అమ్మాయి అడ్డం వచ్చింది. మొహం పాలిపోయింది. "ఈ ఫిల్మ్ ముడుచుకుపోయింది, మెషిన్ ఎక్కదు. బల్ల మీద పరిచి ఒక్కో బొమ్మా ఫొటో తీయాలి. విరగకుండా ఆ పని చేయగలిగింది బాబాయ్ ఒక్కడే. ఆయన్ని తీసుకెళ్తే ఆరింటికి మా దగ్గర ఏమీ ఉండదు."

ఫోన్ మళ్ళీ మోగింది. పై ఆఫీసరే. ఇన్‌స్పెక్టర్ దాని నోరు నొక్కి జేబులో పడేసింది. మామ్మ వైపు చూసింది.

మామ్మ లేచింది. స్టూలు ఒకటి లాక్కుని, వెలుగుతున్న అద్దపు బల్ల పక్కన వేసుకుని కూర్చుంది.

"రావయ్యా," అంది ఎడిటర్‌తో. "నీ చేత్తోనే తియ్యి."

ఇన్‌స్పెక్టర్ బేడీలు వెనక్కి పెట్టేసింది. ఎడిటర్ తెల్లటి చేతి తొడుగులు వేసుకున్నాడు. ఫిల్మ్ అంచులు పట్టుకుని మెల్లిగా పరిచాడు. పిల్ల నవ్వు దాటింది. కెమెరా పక్కకి తిరిగింది. భూతద్దం కింద మోకాళ్ళ మీద ఒక ఆడమనిషి. చెదిరిన జుట్టు. బిడ్డ వైపే చూస్తున్న కళ్ళు.

మామ్మ భూతద్దం మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది. భుజాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

ఎడిటర్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"తల తిప్పకు," అంది మామ్మ. "ఇంకా చాలా ఉంది. తియ్యి."