ఉసిరిచెట్టు కింద పోయిన కడియం

యమున ఢిల్లీలోకొచ్చి ఇళ్లు ముంచిన ఏడాది అది. ఆ కార్తీకంలో ఓ సోమవారం పొద్దున హైమవతి ఆర్.కె. పురంలో డిటెక్టివ్ నాగభూషణం గది తలుపు కొట్టింది.

నాగభూషణం అరవై దాటిన మనిషి. దొంగల్ని పట్టీ పట్టీ విసిగిపోయాడు. వేలికున్న వెండి ఉంగరాన్ని బొటనవేలితో తిప్పుకుంటూ, "కూచోమ్మా, నెమ్మదిగా చెప్పు," అన్నాడు. సహాయకుడు దశరథ్ కుర్చీ జరిపాడు. బేర్ సరాయ్‌లో గది తీసుకుని సివిల్సుకి చదువుతున్నాడన్న మాటే గానీ, అతని చదువంతా ఈ ముసలాయన దగ్గరే.

"నిన్న నది ఒడ్డు తోటలో వనభోజనాలండీ. పులిహోర, పప్పు, వంకాయ కూర చేసుకున్నాం. మా అత్తగారు శాస్త్రిగారికి దానాలిచ్చి వచ్చి కూచున్నారు. చూస్తే చేతికి బంగారు కడియం లేదు! మా వారు తోటమాలి చంపత్‌ని పట్టుకున్నారు. సాయంత్రంలోగా ఇవ్వకపోతే పోలీసులకి అప్పగిస్తారట."

"మరి నీకెందుకమ్మా భయం?"

"వాడి పెళ్లాం గౌరి తెల్లారినప్పట్నుంచీ మా గుమ్మం ముందు కూచుంది. ఏడవదు, తిట్టదు. వరదలో గుడిసె పోయి తోటలో సామాన్ల గదిలో తలదాచుకున్నారండీ. ఇప్పుడదీ పోతుంది. ఆ వరదల్లోనే మా బాబుకి టైఫాయిడ్ వచ్చి చావు తప్పింది. వాళ్ల ఉసురు తగిలితే? అత్తగారేమో అన్నం ముట్టరు, నోరు విప్పరు."

హైమవతి వాళ్ల క్వార్టర్లో అత్తగారు రాజేశ్వరమ్మ గోడవైపు తిరిగి కూచుంది. మణికట్టు వాచి, తోలు గీరుకుపోయి ఉంది.

"కడియం ఎలా పోయింది అక్కయ్యగారూ?" అన్నాడు నాగభూషణం.

ఆవిడ కళ్లు మూసుకుంది. కొడుకు భీమేశ్వరరావు విసుక్కున్నాడు. "చేతులు కడుక్కుంటూ తీసి కుళాయి గట్టు మీద పెట్టి ఉంటుందండీ. వాడు నొక్కేశాడు."

"పెట్టానని ఆవిడ చెప్పారా?"

"లేదు. నేనే అనుకున్నాను."

తోట చాలా పాతది. ఎవరో నవాబు వేయించాడట. తర్వాత దొరలు దేశదేశాల చెట్లు తెచ్చి నాటి, ఒక్కోదానికీ పేరు రాసిన రేకు కొట్టారు. వరద బురద మానులకి నడుమెత్తున ఎండి ఉంది. నాగభూషణం మోకాళ్లు పట్టుకుంటూ నడిచాడు. ఉసిరిచెట్టు వెనక చీమలు బారులు తీరాయి. వంగి చూస్తే తెల్లటి గింజలు, కాస్త గుజ్జు.

"పుచ్చగింజలా సార్?"

"బూడిదగుమ్మడివి. నిన్నటి వంటల్లో గుమ్మడి ఉందా దశరథ్?"

"లేదు సార్."

చంపత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెద్దమ్మగారు సబ్బు అడిగారు బాబూజీ, ఇచ్చాను. అంతే," అన్నాడు హిందీలో.

"ఆ మాట సాబ్‌కి చెప్పావా?"

"సాబ్ వింటేగా!"

సాయంత్రం అందర్నీ ఆ చెట్టు కిందికే పిలిపించాడు. దానంగా వచ్చిన గుమ్మడికాయ తెమ్మని శాస్త్రికి కబురు పెట్టాడు.

"రేపు వడియాలకి తరుగుదామంది మా ఆవిడ," అంటూ శాస్త్రి కాయ దించాడు.

"దొంగ లేడు," అన్నాడు నాగభూషణం అలసటగా. "చేతులు కడుక్కోడానికి తోలూడేలా కడియం ఎవరూ లాక్కోరు. సబ్బు రాసి కావాలనే తీశారు. ఈ చెట్టు చాటున గుమ్మడికాయకి గాటు పెట్టి, గింజలు తోడి, కడియం లోపల పెట్టి దానమిచ్చారు. ముచ్చిక దగ్గర చూడండి, కోసి మూసిన మూత. గుప్తదానం. మనవడు బతికితే ఇస్తానని మొక్కుకుని ఉంటారు. బయటికి చెబితే ఫలం పోతుందని నోరు కట్టేసుకున్నారు."

"అమ్మా! నిజమేనా?"

"ఆవిణ్ణి అడక్కండి!" నాగభూషణం చెయ్యెత్తాడు. "ఆవిడ చెప్పలేదు. చెప్పింది నేను. ఫలం పోతే నాది పోతుంది."

రాజేశ్వరమ్మ లేచి చంపత్ ముందుకెళ్లి చేతులు జోడించింది. "క్షమించు నాయనా." భాష తెలియకపోయినా వాడు కంగారుపడ్డాడు. "అరే, అమ్మగారూ!" భీమేశ్వరరావు తల వంచుకుని, "గది నీదే చంపత్. మీ తోట పెద్దసారుతో నేను మాట్లాడతాను," అన్నాడు.

"ఇది మీకు తప్ప ఇంకెవరికీ తట్టదు సార్!" అన్నాడు దశరథ్ దారిలో.

"మనూరివాడెవడికైనా తడుతుందిరా. మాలీని అనుమానించడం తేలిక, అంతే."

మర్నాడు పొద్దున్నే నాగభూషణం ఒక్కడే బజారుకెళ్లి బూడిదగుమ్మడికాయ కొన్నాడు. గదిలో దానికి గాటు పెట్టి, మళ్లీ మూత మూసి, బస్సెక్కి తోటకి పోయాడు. సామాన్ల గది ముందు గౌరి పొయ్యి రాజేస్తోంది.

"ఏముంది బాబూజీ ఇందులో?"

"గుమ్మడికాయే," అని వెనుదిరిగాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు అలవాటుగా బొటనవేలు ఉంగరం కోసం వెతుక్కుంది.