పడికట్టు మనిషి

పలాస ఊరి మొదట్లో ఆ కోచింగ్ సెంటరు బోర్డుకి మళ్లీ కొత్తగా రంగు వేశారు. "అసలు సిసలు కష్టాలు. రేకుల షెడ్డు. ఫ్యాను లేదు. కిరసనాయిలు దీపం. రోజుకి రెండు అవమానాలు గ్యారంటీ." పిల్లలను దింపడానికి వచ్చే కార్లు వెనక వీధిలో నిలపాలని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

వ్యాను కిటికీలోంచి అది చదివి అప్పలసూరి నవ్వలేదు. మొదటి ఏడు నవ్వాడు. రెండో ఏడు తిట్టాడు. ఈ 2069లో అతనికి రెండింటికీ ఓపిక లేదు. వ్యాను దానంతటదే నడుస్తోంది. వెనక సీట్లో, బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న చుట్టంలా, స్వార్జితమాపకం అనే యంత్రం ఉంది.

టీవీలో వచ్చే "మేధోరథం" క్విజ్‌కి జిల్లాకి ముగ్గురు పిల్లలు వెళ్తారు. గెలవనీ, ఓడనీ, జట్టులో చోటు దొరికితే చాలు, ఆ తర్వాతి చదువంతా ప్రభుత్వమే చూసుకుంటుంది. అందుకే అక్కడ అంత తొక్కిసలాట. ఒకప్పుడు హెడ్మాస్టర్లు తమకి కావలసినవాళ్ల పేర్లు రాసి పంపేవారు. అది అన్యాయమని పరీక్ష పెట్టారు. పరీక్షలో కోచింగ్ కొనుక్కున్నవాళ్లే నెగ్గారు. పేర్లు దాచారు, ముఖాలు దాచారు, చివరికి గొంతులు కూడా దాచారు. అయినా నెగ్గేది వాళ్లే. అప్పుడు డాక్టర్ హైమవతి అనే నాడీశాస్త్రవేత్త ఈ యంత్రాన్ని తయారుచేసింది.

ఆమె కనిపెట్టిన సంగతి ఇదీ. మనిషి ఏదైనా నేర్చుకున్నప్పుడు ఆ విషయమొక్కటే మెదడులోకి దిగదు. నేర్చుకున్న చోటు, నేర్పిన గొంతు, అప్పటి ఆకలి, ఉక్క, సిగ్గు, అన్నీ న్యూరాన్లలో దానితోపాటే దిగుతాయి. నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలేదానిలా. మళ్లీ తలుచుకున్నప్పుడల్లా అప్పటి మనసు కూడా అందులో కలుస్తుంది. విదేశీ జర్నల్స్ దాన్ని ఎంగ్రామ్ రెసిడ్యూ అన్నాయి. హైమవతి మడ్డి అంది, మనవాళ్ల నోట అదే నిలిచింది. తలకి టోపీ పెట్టి ప్రశ్న అడిగితే, జవాబు నోట్లోంచి వచ్చేలోపే యంత్రం మడ్డిని చదివేస్తుంది. పిల్ల తనంతట తాను కష్టపడి సంపాదించిన తెలివి స్వార్జితం. ఇంకొకరు తెచ్చి చేతిలో పెట్టింది పరార్జితం. స్వార్జితం ఎక్కువున్నవాళ్లకే చోటు.

అయితే ఏ తక్కెడకైనా పడికట్టు రాయి ఉండాలి. నిజంగా కష్టపడి నేర్చుకున్న ఒక మనిషి జ్ఞాపకాన్ని వంద అనుకుని, మిగతా అందరినీ దానితో తూచాలి. రాష్ట్రమంతా గాలించి హైమవతి పట్టుకొచ్చిన పడికట్టు అప్పలసూరి. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు.

స్కూలు హాల్లో యంత్రాన్ని దింపి, రోజూలాగే ముందు తన తలకే టోపీ తొడుక్కున్నాడు.

"శుభోదయం పడికట్టు గారూ," అంది యంత్రం. "జ్ఞాపకం తలుచుకోండి."

తలుచుకోవడానికి కష్టపడనక్కరలేదు. హెడ్మాస్టరు క్విజ్ జాబితాలో ఎర్రసిరాతో అతని పేరు కొట్టేసి సన్యాసి పేరు రాశాడు. సన్యాసి తండ్రి స్కూలు కమిటీ ఛైర్మన్. పోటీ రోజున టీకొట్టు టీవీ ముందు నిలబడి చూశాడు అప్పలసూరి. ప్రపంచంలో అతి లోతైన సరస్సు ఏదని అడిగారు. "బైకాల్" అన్నాడు సన్యాసి, ఇస్త్రీ చొక్కాలో. చప్పట్లు మోగాయి. మర్నాటి నుంచి అప్పలసూరి బడికి వెళ్లలేదు.

"వంద. పడికట్టు సరిగ్గా ఉంది," అంది యంత్రం. ఆ వంద అక్కడినుంచి రాష్ట్రంలోని యంత్రాలన్నిటికీ వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి రెండు చోట్లు నిండాయి. ఇద్దరూ రేకుల షెడ్డు పిల్లలే. ఒకడికి తొంభై ఆరు, ఇంకొకడికి తొంభై నాలుగు. మూడో చోటుకి అదే షెడ్డు కుర్రాడు తొంభై ఒకటితో కాచుకుని ఉన్నాడు. ఇక మిగిలింది ఒక్క పిల్ల, కొండగౌరి. ప్రభుత్వ కాలేజీలో పన్నెండో తరగతి అయిపోయింది. చోటు దొరక్కపోతే సోమవారం నుంచి తల్లితోపాటు జీడిపప్పు ఏరే పనికి వెళ్తుంది. ఆ మాట కూడా ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది.

"టోపీ సక్కిలిగిలి పెడతంది మావయ్యా."

"కదలకు గుంటా. అడగనీ దాన్ని."

ప్రశ్న పూర్తవకుండానే జవాబులు వచ్చేస్తున్నాయి. యాభై తొమ్మిదీ సరైనవే. ఆఖరిది అప్పలసూరి ప్రశ్నే. ప్రపంచంలో అతి లోతైన సరస్సు ఏది?

"బైకాల్!" కొండగౌరి పకపకా నవ్వింది. "మా దమయంతి పిన్ని అందులో పడ్డా ఆవిడి గొంతు మనకి ఇక్కడికి ఇనబడతాది మావయ్యా!"

"ఇరవై మూడు," అంది యంత్రం.

అప్పలసూరి తెరని చేత్తో తుడిచి మళ్లీ చూశాడు. "అరవైకి అరవై సెప్పింది గదా?"

"జవాబులన్నీ సరైనవే. పరార్జితం. పన్నెండుమంది ప్రైవేటు ఉపాధ్యాయులు నమోదయ్యారు. కష్టం నమోదు కాలేదు."

"పన్నెండుమంది మేస్టర్లేటి?" అంది పిల్ల. "ఆలు మా పప్పు బల్ల కాడ ఆడోల్లు! బద్దలు ఏరతా ఒకలినొకలు అడుక్కుంటాం. ఎవులు ఓడిపోతే ఆలు పాట పాడాల. నాను సిన్నప్పట్నుంచీ ఆ బల్ల కిందే పెరిగినాను." తెర వైపు చూసి, "మరైతే నాకు సోటు లేనట్టేనా?" అంది.

"ఉండు. టోపీ తియ్యకు."

అతను పక్కగదిలోకి వెళ్లి హైమవతిని తెర మీదికి పిలిచాడు. జుట్టు తెల్లబడి, కళ్ల కింద నలుపుతో ఆవిడ కనిపించింది. విషయమంతా చెప్పాడు.

"నాకు తెలుసు సూరీ. మూడేళ్లుగా తెలుసు."

"ఏటి తెలుసండి?"

"కష్టాన్ని కొలుస్తున్నాననుకున్నాను. నీ మడ్డిలో కష్టమెంత, కసి ఎంత అని విడదీసి చూడలేదు. చూస్తే అందులో కష్టం తక్కువే. ఉన్నదంతా కసి. యంత్రం దానికే వంద వేసింది. అందుకే పిల్లలకి కసి ఎక్కించే షెడ్లు బాగుపడ్డాయి. నవ్వుతూ నేర్చుకున్నవాళ్లు తూగరు."

"మరి ఎవుల్కీ సెప్పలేదేటండి?"

"ఎవరికి చెప్పను? ఏడేళ్ల జట్లన్నీ రద్దు చేస్తారా? నిన్ను తీసేసినా నీలాంటివాడినే పెడతారు. నీ తర్వాత ఎవరన్నది కూడా ఆ యంత్రమే వెతుక్కుంటుంది." ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. "ఒక దారుంది. పడికట్టు మీద అనుమానమొస్తే ఒక్కసారి సరిచూసుకుని, ఆఖరి అభ్యర్థిని మళ్లీ తూచొచ్చు. నువ్వు సంతోషంగా నేర్చుకున్నదేదైనా తలుచుకో. పడికట్టు తేలికైతే ఆ పిల్ల తూగుతుంది."

అప్పలసూరి యంత్రంతోపాటు వచ్చే రెండో టోపీ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. సంతోషంగా నేర్చుకున్నది. వెతికాడు. వ్యాను రిపేరు నేర్చుకున్నది తిట్లు తింటూ. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఎవడో వెక్కిరించాడన్న పంతంతో. ఇంకా కిందికి దిగితే, ముప్పై తొమ్మిదేళ్లుగా అతను తొక్కిపెట్టి ఉంచినదొకటి చేతికి తగిలింది.

బైకాల్ పేరు అతనికి చెప్పిందే సన్యాసి. ఇద్దరికీ ఒకటే జనరల్ నాలెడ్జి పుస్తకం, అదీ సన్యాసిదే. పదహారు వందల నలభై మీటర్ల లోతంటే ఎంతో తెలుసుకుందామని, కరణంగారి బావిలో బకెట్టు తాడు వదిలి కొలిచారు. పది మీటర్లు. "అలాంటి బావులు నూట అరవై నాలుగు, ఒకదాని మీద ఒకటి!" అని సన్యాసి అరుస్తుంటే తాడు జారి బకెట్టు మునిగిపోయింది. కరణంగారు ఇద్దరి చెవులూ మెలేశారు. చెవులు పట్టుకునే ఇద్దరూ రోడ్డంతా నవ్వుకుంటూ వచ్చారు.

అప్పలసూరి ముఖంలో కూడా నవ్వులాంటిది వచ్చింది. ఆ నవ్వుని పట్టుకుని అలాగే ఉండాలనుకున్నాడు. కానీ రోడ్డు చివర టీకొట్టు ఉంది. కొట్టులో టీవీ ఉంది. టీవీలో ఇస్త్రీ చొక్కా వేసుకుని సన్యాసి నిలబడి ఉన్నాడు.

"వంద," అంది యంత్రం. "తేడా ఏమీ లేదు. పడికట్టు సరిగ్గా ఉంది."

హైమవతి కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తెర ఆరిపోయింది.

హాల్లోకి వచ్చేసరికి కొండగౌరి టోపీతో అలాగే కూర్చుని ఉంది. ఎదురుగా షెడ్డు కుర్రాడికి వాళ్ల నాన్న ముందుగానే దండ వేసి ఫొటోలు తీస్తున్నాడు. వాళ్లమ్మ ఈ పిల్ల వైపు చూసి, "పాపం, బల్ల కాడి చదువు గదా, అంతకన్నా ఏం వస్తాది," అని పక్కామెతో అంటోంది. పిల్లకి వినపడాలనే అంటోంది.

మళ్లీ తూకం మొదలుపెట్టినట్టు నమోదైపోయింది కాబట్టి ఇక ఆపడానికి లేదు. మళ్లీ ఇరవై మూడే వస్తుంది. ఆ పిల్లని రెండుసార్లు ఓడించడానికే తాను ఈ రభసంతా చేసినట్టయిందనుకుని అప్పలసూరి మీట నొక్కాడు.

అవే అరవై ప్రశ్నలు. ఈసారి జవాబులు ఒక్కో మాటే వచ్చాయి. పిల్ల అతని వైపు చూడటం లేదు. దండ వైపు చూస్తోంది.

"ప్రపంచంలో అతి లోతైన సరస్సు ఏది?"

"బైకాల్."

దమయంతి పిన్ని సంగతి ఇంకా వస్తుందేమోనని అప్పలసూరి ఆగాడు. రాలేదు.

"తొంభై ఎనిమిది," అంది యంత్రం. "అభ్యర్థి జట్టుకి ఎంపికైంది. అభినందనలు."

కుర్రాడి తండ్రి కేకలు మొదలుపెట్టాడు. అప్పలసూరి పట్టించుకోలేదు. వంగి పిల్ల గడ్డం కింద పట్టీ విప్పాడు.

"వచ్చీసిందమ్మా. సోటు నీదే. అమ్మోల్లకి ఫోను సెయ్యనా? బల్ల కాడ అందరూ పాట ఎత్తుకుంటారు."

"వద్దు," అంది కొండగౌరి. "ఆల వల్లే గదా ఇందాక పోయింది."

లేచి, లంగా దులుపుకుని, సంతకం పెట్టాల్సిన కాగితం కోసం చెయ్యి చాపింది. అచ్చం ఒకప్పుడు టీకొట్టు ముందు అప్పలసూరి నిలబడ్డట్టే నిలబడింది, పళ్లు బిగించి.

తెర మూలన చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. కింద అక్షరాలు వచ్చాయి. "పడికట్టు గారూ, మీ తర్వాతి పడికట్టు పేరు దొరికింది."

పిల్లకి కనపడకుండా అప్పలసూరి తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.