తరగని జగ్గు

పదకొండయింది. నానమ్మ మంచం పక్కనున్న స్టూలు మీద గ్లాసు పెట్టి, జగ్గులోంచి చుక్క ఒలకకుండా నీళ్లు పోసింది మేనేజరు. అక్కణ్నుంచి వంటింట్లోకి పరుగెత్తి, ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం మీద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో టిక్కు కొట్టింది.

మేనేజరు అంటే పదేళ్ల పిల్ల. ఎవరి తువ్వాలు ఎక్కడుందో, ఎవరి చెప్పులు వరుస తప్పాయో ఆ ఇంట్లో ముందుగా కనిపెట్టేది తనే. అందుకని నాన్న ఆ పేరు పెట్టాడు. అసలు పేరుతో పిలిచేది ఇప్పుడు బళ్లో టీచర్లే.

నెల కిందట నానమ్మ జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని, పక్కన ఒకరు తోడుంటే నాలుగడుగులు వేస్తోంది. రెండు రోజులకోసారి ఒక నర్సు ఇంటికి వచ్చి చూసి వెళ్తుంది. ఫ్రిజ్ మీది కాగితం ఆవిడ రాసిచ్చిందే. ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో, మడమలు ఎన్నిసార్లు ఆడించాలో, ఎంత దూరం నడవాలో, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలో అన్నీ అందులో ఉన్నాయి.

మాత్రలు అమ్మ చూసుకుంటుంది. సాయంత్రం నడిపించడం నాన్న వంతు. పగలు అమ్మ ముందు గదిలో కంప్యూటర్ దగ్గర ఆఫీసు పనిలో ఉంటుంది. బడికి సెలవులు కదా, అందుకని నీళ్లివ్వడం, బాత్రూమ్ దాకా తోడు వెళ్లడం తనకే కావాలని మేనేజరు అడిగి మరీ తీసుకుంది.

పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా రెండు గంటలకో గ్లాసు. ఒక్కటీ తప్పలేదు. టిక్కులన్నీ ఒకే సైజులో, ఒకే వాలులో ఉన్నాయి.

మూడున్నరకి నర్సు వచ్చింది. చెప్పులు విడిచీ విడవకముందే మేనేజరు ఆవిణ్ని ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోయింది. వాళ్ల వార్డులో కూడా ఇంత శుభ్రంగా రాసేవాళ్లు లేరని నర్సు మెచ్చుకుంది. మేనేజరుకి కాళ్లు నేల మీద నిలవలేదు.

కానీ నానమ్మ గదిలోకి వెళ్లాక నర్సు మొహంలో నవ్వు తగ్గింది. నానమ్మ పెదాలు ఎండి పొక్కులు లేచాయి. నాలుక చూపించమంటే అదీ పొడిగానే ఉంది. కళ్లు తిరుగుతున్నాయా అని అడిగితే, లేచి నిలబడినప్పుడు కొంచెం తిరుగుతున్నాయంది నానమ్మ.

"అయిదు గ్లాసులు తాగిన మనిషిలా లేరు మామ్మగారూ" అంది నర్సు.

నానమ్మ దుప్పటి అంచు సర్దుకుంది. నర్సు స్టూలు మీది జగ్గు ఎత్తి చూసింది. చెయ్యి కిందికి లాగేంత బరువుంది.

"మేనేజరుగారూ, ఈ జగ్గు ఎప్పుడు నింపారు?"

"పొద్దున ఏడింటికి. పది గ్లాసులు పడతాయి."

"మళ్లీ నింపారా?"

"లేదు" అంది మేనేజరు. అనగానే తనకే అనుమానం వచ్చింది. జగ్గులోకి తొంగి చూసింది. అయిదు గ్లాసులు పోస్తే సగానికి రావాలి. నీళ్లు అంచు దాకా ఉన్నాయి.

మేనేజరు అటు తిరగ్గానే నానమ్మ గ్లాసులో నీళ్లు జగ్గులోకి ఒంపేస్తోందన్నమాట. పొద్దుణ్నుంచి అవే నీళ్లు జగ్గులోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి జగ్గులోకి తిరుగుతున్నాయి. వంటింట్లో మాత్రం టిక్కులు పెరుగుతున్నాయి.

నర్సు కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, నీళ్లు సరిగా తాగకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుందని, జ్వరం వస్తే మళ్లీ ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పింది. ఆసుపత్రి అనే మాట వినగానే నానమ్మ చెయ్యి మంచం పట్టెని గట్టిగా పట్టుకుంది. అక్కడున్న పన్నెండు రోజులూ ఇంటికి ఎప్పుడు తీసుకెళ్తారని తప్ప నానమ్మ ఇంకో మాట అడగలేదు. ఆ సంగతి మేనేజరుకి బాగా తెలుసు.

"దాహం వెయ్యట్లేదమ్మా, అంతే" అంది నానమ్మ గోడవైపు చూస్తూ.

"దాహం వెయ్యట్లేదా, తాగితే లేవాల్సొస్తుందని మానేశారా?"

నానమ్మ చూపు గోడ మీంచి వాకర్ మీదికి పోయింది. నర్సు మేనేజరువైపు తిరిగి, పగలు బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తున్నారని అడిగింది.

"నేనే" అంది మేనేజరు గర్వంగా. అని, ఆగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. అప్పుడు తను బొమ్మకి రంగులేస్తోంది. నానమ్మ గంటలో రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ లేచి వెళ్లింది. మూడోసారి పిలిచినప్పుడు బ్రష్ విసిరికొట్టి, "మళ్లీనా నానమ్మా" అంది. అని పెద్దగా నిట్టూర్చింది కూడా. నానమ్మ వెంటనే, "వద్దులేవే, తర్వాత వెళ్తాలే" అంది.

మర్నాడు నానమ్మ రెండుసార్లే పిలిచింది. ఆ తర్వాతి రోజూ అంతే. నానమ్మకి నయమవుతోంది కాబోలు అని మేనేజరు సంతోషించింది.

"పిల్లనేం అనకు తల్లీ" అంది నానమ్మ, మనవరాలి మొహం చూసి. "అది వేళకి తెచ్చి పెడుతూనే ఉంది. నాకే బద్ధకం."

మేనేజరు ఊరుకుంటే సరిపోయేది. తప్పు నానమ్మ తన మీద వేసేసుకుంది. అడిగేవాళ్లెవరూ లేరు. కానీ నానమ్మ చెయ్యి ఇంకా మంచం పట్టెనే పట్టుకుని ఉంది.

"బద్ధకం కాదు" అంది మేనేజరు. "సోమవారం నేను మళ్లీనా అన్నాను. అందుకే తాగడం మానేసింది."

"ఛ, చంటిదానివి, ఏదో అంటావు" అంది నానమ్మ. కానీ కాదని మాత్రం అనలేదు.

నర్సు లేచి వెళ్లి ఫ్రిజ్ మీది కాగితం ఊడదీసి తెచ్చింది. మేనేజరు చేతికి పెన్నిచ్చింది.

"మామ్మగారికి నా ప్లాన్ కుదరలేదు. ఎక్కడ మార్చాలో నాకంటే నీకే బాగా తెలిసినట్టుంది. నువ్వే రాయి."

మేనేజరు చాలాసేపు ఆలోచించింది. తర్వాత నానమ్మనే అడిగింది, పిలవాలంటే ఎప్పుడు ఎక్కువ ఇబ్బందిగా ఉంటుందని. మనవరాలు ఆటలో ఉన్నప్పుడని నానమ్మ ఒప్పుకుంది. అప్పుడు మేనేజరు నీళ్ల వరస కింద ఇలా రాసింది: 'గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చోవాలి. అరగంటకి నేనే వెళ్లి అడగాలి. నానమ్మ పిలిచేదాకా ఆగకూడదు.'

నర్సు అది చదివి, కింద ఇంకో ముక్క కలిపింది. బాత్రూమ్‌కి వెళ్లి రావడం కూడా నడకే, దాన్నీ నడక వరసలో రాసుకోవచ్చని.

మర్నాడు మధ్యాహ్నం పై ఇంటి పిల్ల చెస్ బోర్డు పట్టుకుని వచ్చింది. మేనేజరు గెలిచేలా ఉంది. ఇంకో రెండెత్తులు వేస్తే ఆట కట్టు. గోడ గడియారం చూసింది. మూడున్నర. నానమ్మ గ్లాసు ఖాళీ చేసి అప్పుడే అరగంటయింది. గదిలో మంచం కిర్రుమంది. పిలుపు మాత్రం రాలేదు.

మేనేజరు లేచి వెళ్లి వాకర్ మంచం పక్కకి జరిపింది.

"కూర్చుని కూర్చుని నా కాళ్లు తిమ్మిరెక్కాయి నానమ్మా. ఓసారి అలా నడిచొద్దామా?"

నానమ్మ ఒక్క క్షణం మనవరాలి మొహంలోకి చూసింది. అక్కడ విసుగేమీ కనిపించలేదు. వాకర్ మీద చేతులు వేసింది.

మేనేజరు బాత్రూమ్ తలుపు దగ్గరగా వేసి, అటు తిరిగి నిలబడింది. లోపలి నుంచి నానమ్మ గొంతు వినిపించింది.

"ఆలస్యమవుతోందే. ఆ పిల్ల నీ మంత్రిని ఎత్తుకుపోతుందేమో చూసుకో."

"ఎత్తుకుపోనీ. నువ్వు నెమ్మదిగా రా."

నిజంగానే తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఒక బంటు స్థానం మారినట్టుంది. దాని గురించి ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు. ఎలాగో సర్దుకుని మళ్లీ ఆట మొదలుపెట్టారు. మేనేజరు మంత్రిని పట్టుకుని ఎత్తు వేయబోతోంది.

"మేనేజరూ" అని గదిలోంచి పిలుపు వినిపించింది. ఈసారి గొంతులో మొహమాటం లేదు. "ఇంకో అరగ్లాసు నీళ్లు పొయ్యవే. తర్వాత మళ్లీ పని నీకే, తెలుసుగా."

"తెలుసు" అంటూ మంత్రిని వదిలేసి మేనేజరు లేచింది.